పసిపిల్లలకు ప్రమాదవేళ ప్రథమ చికిత్స: హైదరాబాద్ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా అపార్ట్‌మెంట్ల కమ్యూనిటీ హాళ్లలోనూ అంగన్‌వాడీ కేంద్రాల్లోనూ తల్లులకు, అమ్మమ్మలకు, ఆయాలకు ప్రథమ చికిత్స నేర్పుతుంటాను. అక్కడ మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. మా వార్డుకు వచ్చే పిల్లల్లో కొందరికి అసలు ప్రమాదం చేసిన హాని కంటే, ఆ తరువాత కంగారులో, ఎంతో ప్రేమతో, ఎవరో చెప్పారన్న నమ్మకంతో ఇంట్లోవాళ్లు చేసిన పనుల వల్ల కలిగిన హానే ఎక్కువగా ఉంటుంది. అందుకే ఏం చేయాలో చెప్పిన ప్రతిచోటా ఏం చేయకూడదో కూడా అంతే వివరంగా రాశాను. ఇవన్నీ డాక్టరు చేతికి బిడ్డను అందించేవరకు మన చేతుల్లో ఉండే కొద్ది నిమిషాల కోసం.

బిడ్డ పరిస్థితి నిజంగా అత్యవసరమో కాదో ఎలా తెలుస్తుంది?

ముందు రంగు, ఊపిరి, స్పృహ చూడండి. పెదాలు, నాలుక నీలంగా మారినా, ఒళ్లు తెల్లగా పాలిపోయినా, డొక్కలు ఎగరేస్తూ ముక్కుపుటాలు అదురుతూ ఊపిరి తీస్తున్నా, ప్రతి శ్వాసకూ మూలుగుతున్నా, పిలిచినా గిల్లినా సరిగా పలకకపోయినా, పాలు తాగే శక్తి లేకుండా వాలిపోతున్నా ఇక ఆలోచించవలసిన పని లేదు, వెంటనే సహాయం కోరాలి. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వచ్చిందంటే, బిడ్డ చూడటానికి హుషారుగా ఉన్నా, అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి. ఇంకొక మాట: గట్టిగా ఏడుస్తున్న బిడ్డను చూసి అందరూ భయపడతారు, కానీ నన్ను ఎక్కువగా భయపెట్టేది ఏడవకుండా మెత్తగా పడి ఉన్న బిడ్డ.

108కు ఫోన్ చేయాలా, మేమే బండి మీద తీసుకువెళ్లాలా?

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైంది. ఫోన్‌కు ఖర్చు లేదు. 112కు చేసినా సహాయం అందుతుంది. బిడ్డ ఊపిరి తీసుకోవడం లేదంటే ఉన్నచోటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి 108తో మాట్లాడాలి. ఆ బిడ్డను ఒడిలో వేసుకుని బైకు మీద అమీర్‌పేట ట్రాఫిక్‌లో పడితే, దారి పొడవునా ఊపిరి అందించేవారు ఉండరు. కాలిన గాయం, విరిగిన చేయి, కుక్కకాటు వంటివాటికి, బిడ్డ ఊపిరి, స్పృహ బాగానే ఉంటే, ఆటోలోనో కారులోనో వెళ్లవచ్చు. అయితే బండి నడిపేవారు వేరు, బిడ్డను పట్టుకునేవారు వేరుగా ఉండాలి.

ఫోన్‌లో చిరునామా చెప్పేటప్పుడు మన ఊళ్లో ఇంటి నంబరు కంటే గుర్తులే బాగా పనికివస్తాయి: ఫలానా మెట్రో పిల్లర్ నంబరు, అత్తాపూర్ వైపైతే ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు, పక్కన ఉన్న గుడి లేదా మసీదు పేరు. ఒకరు గేటు దగ్గర నిలబడాలి, ఒకరు లిఫ్టు కిందికి తెచ్చి ఆపి ఉంచాలి. రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి స్త్రీలు, పిల్లల కోసం ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి. అది మీకు దూరమైతే, మీ ఇంటికి దగ్గరలో రాత్రివేళ కూడా పిల్లల డాక్టరు, ఆక్సిజన్ ఉండే ఆసుపత్రి ఏదో ఈ వారంలోనే ఒకసారి స్వయంగా వెళ్లి కనుక్కోండి.

గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేయాలి?

అన్నింటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. పొలమారిన బిడ్డకు మన ఇళ్లలో మాడు మీద తట్టి, ఎవరో తలచుకుంటున్నారని అంటాం. ఆ తట్టడం వల్ల ఊపిరిదారిలో ఉన్నది కదలదు. బిడ్డ దగ్గుతున్నదా లేదా అన్నది ముందు గమనించాలి. గట్టిగా దగ్గుతూ, ఏడుస్తూ, శబ్దం చేస్తున్నదంటే గాలి ఇంకా ఆడుతున్నదని అర్థం. అప్పుడు వీపు మీద కొట్టవద్దు, నీళ్లు పట్టవద్దు, అరటిపండో అన్నం ముద్దో మింగించవద్దు, నోట్లో వేలు పెట్టవద్దు. ముందుకు వంచి కూర్చోబెట్టి, దగ్గనివ్వండి. దగ్గు ఆగిపోయి, నోరు తెరిచినా గొంతు పెగలక, ముఖం నీలంగా మారుతుంటే ఆ క్షణమే చేతులు కదిలించాలి.

ఏడాదిలోపు బిడ్డ అయితే ముంజేయి మీద బోర్లా పడుకోబెట్టి, దవడను వేళ్లతో ఆనించి పట్టి, తల ఛాతీ కంటే కిందికి ఉండేలా ఆ చేతిని తొడ మీద ఆనించండి. రెండో చేతి అరచేతి మొదలుతో, అంటే మణికట్టు పక్కన గట్టిగా ఉండే భాగంతో, రెండు రెక్కల ఎముకల మధ్య ఐదుసార్లు గట్టిగా చరచండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్యలో, చనుమొనల గీతకు కొంచెం కిందుగా, అరచేతి మొదలుతోనే ఐదుసార్లు నొక్కండి. అడ్డుపడింది బయటకు వచ్చేవరకు, లేదా బిడ్డ స్పృహ తప్పేవరకు ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఇంతకుముందు ఛాతీని రెండు వేళ్లతో నొక్కమని మేమే నేర్పేవాళ్లం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దానిని అరచేతి మొదలుగా మార్చారు, ఎందుకంటే వేళ్లతో తగినంత లోతుకు నొక్కలేము.

ఏడాది దాటిన పిల్లల విషయంలో వెనుక మోకాళ్ల మీద కూర్చుని, ముందుకు వంచి ఐదుసార్లు వీపు మీద చరచాలి. తరువాత బొడ్డుకు పైన, పక్కటెముకలకు కింద పిడికిలి పెట్టి, రెండో చేత్తో పట్టుకుని లోపలికీ పైకీ ఐదుసార్లు లాగాలి. పొట్ట మీద ఇలా నొక్కడం ఏడాదిలోపు బిడ్డలకు ఎప్పుడూ చేయకూడదు, కాలేయం చితికే ప్రమాదం ఉంది. పెద్ద పిల్లలకు చేసినా, అడ్డు తొలగిన తరువాత కూడా డాక్టరుకు చూపించాలి. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి కింది ప్రశ్నలో చెప్పినట్లు ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. ఊపిరి ఊదే ముందు ప్రతిసారీ నోట్లోకి చూసి, వస్తువు కంటికి కనిపిస్తేనే తీయండి. కనిపించకుండా వేలు తిప్పితే అది ఇంకా లోపలికి పోతుంది.

మా అబ్బాయికి పద్నాలుగు నెలలప్పుడు నేల మీద దొరికిన వేరుశనగ పప్పు నోట్లో వేసుకున్నాడు. ముఖం ఎర్రబడేలా దగ్గాడు, మా అమ్మ మాడు మీద తట్టబోతే ఆపి, వాడిని ముందుకు వంచి పట్టుకున్నాను. కాసేపటికి చొంగతోపాటు నా అరచేతిలో ఒక బద్ద పడింది. అందరూ అమ్మయ్య అనుకున్నారు. నేను మాత్రం ఆ బద్దనే చూస్తూ ఉండిపోయాను, ఎందుకంటే పప్పుకు బద్దలు రెండు ఉంటాయి. సాయంత్రానికి ఊపిరి తీసినప్పుడల్లా ఒకవైపు పిల్లికూత వినిపించింది. వేరుశనగ ఎక్స్‌రేలో కనిపించదు. మత్తు ఇచ్చి కెమెరా గొట్టంతో చూస్తే రెండో బద్ద కుడి ఊపిరితిత్తి దారిలో దొరికింది. దగ్గు తగ్గిందని ఊరుకోకండి అని ప్రతి తరగతిలోనూ ఇందుకే చెబుతాను. గొంతులో పడిన తరువాత దగ్గు, పిల్లికూత, ఆయాసం మిగిలితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నాలుగైదేళ్లు వచ్చేవరకు వేరుశనగలు, వేయించిన బఠాణీలు, శనగలు అలాగే ఇవ్వకండి. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. సీతాఫలం, సపోటా గింజలు తీసి పెట్టండి. పగిలిన బెలూన్ ముక్కలు వెంటనే ఏరి పారేయండి.

ఊపిరి ఆగిపోతే ఛాతీ ఎలా నొక్కాలి?

అరికాలు మీద తట్టి, పేరు పెట్టి పిలవండి. కదలిక లేదు, ఊపిరి లేదు లేదా ఎప్పుడో ఒకసారి ఎగశ్వాస మాత్రమే ఉంది అనుకుంటే మొదలుపెట్టడమే. గట్టి నేల మీద పడుకోబెట్టాలి, మంచం పరుపు మీద వద్దు. ఏడాదిలోపు బిడ్డ ఛాతీని రెండు చేతులతో చుట్టి రెండు బొటనవేళ్లతో గానీ, ఒక అరచేతి మొదలుతో గానీ సుమారు 4 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. పెద్ద పిల్లలకు ఒకటి లేదా రెండు అరచేతులతో సుమారు 5 సెంటీమీటర్లు. అంటే ఛాతీ మందంలో మూడో వంతు. వేగం నిమిషానికి 100 నుంచి 120. ప్రతి నొక్కు తరువాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి.

ముప్ఫైసార్లు నొక్కి రెండుసార్లు ఊదాలి. చంటిబిడ్డ అయితే మన నోటితో బిడ్డ నోరూ ముక్కూ కలిపి మూసి, బుగ్గల్లో పట్టేంత గాలి మాత్రమే, ఛాతీ కొంచెం లేచేవరకు ఊదితే చాలు. పెద్దవాళ్లకు సాధారణంగా ముందు గుండె ఆగుతుంది, పిల్లలకు చాలావరకు ముందు ఊపిరి ఆగి ఆ తరువాత గుండె ఆగుతుంది, కాబట్టి పిల్లల విషయంలో ఊదడం మానకూడదు. మీరు ఒక్కరే ఉండి చేతిలో ఫోన్ లేకపోతే, రెండు నిమిషాలు ఇలా చేసి, అప్పుడు చంటిబిడ్డను ఎత్తుకుని సహాయం కోసం వెళ్లండి. పక్కటెముక విరుగుతుందేమో అని చాలామంది చేయి వెనక్కి తీసుకుంటారు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, ఊపిరి ఆగిన బిడ్డకు మాత్రం ఇంకో అవకాశం రాదు.

జ్వరంలో ఫిట్స్ వస్తే?

ఆరు నెలల నుంచి ఐదేళ్ల వయసు పిల్లల్లో జ్వరంతోపాటు ఫిట్స్ రావడం మేము తరచుగా చూస్తాం. చూసేవారికి ప్రాణం పోయినట్లే ఉంటుంది, కానీ ఎక్కువగా ఐదు నిమిషాల్లోపే వాటంతట అవే ఆగుతాయి, వాటి వల్ల మెదడు దెబ్బతినడం చాలా అరుదు. మొదట గడియారం చూడండి. బిడ్డను నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి, నురగ, వాంతి నోటి నుంచి బయటికి కారిపోయేలా చూడండి. మెడ దగ్గర బట్ట వదులు చేసి, చుట్టూ తగిలే వస్తువులు తీసేయండి. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ఉల్లిపాయో చెప్పో వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, నీళ్లు చల్లడం, కొట్టుకుంటున్న చేతులు గట్టిగా అదిమి పట్టడం, ఇవేవీ చేయకండి. చెంచా వల్ల పళ్లు ఊడి ఊపిరిదారిలో పడిన పిల్లలున్నారు. తాళంచెవులు పట్టించగానే ఫిట్స్ ఆగాయని చెప్పేవారు ఉంటారు. అవి ఎలాగూ ఆగే సమయమే అది.

ఐదు నిమిషాలు దాటినా, ఒకసారి ఆగి మళ్లీ వచ్చినా, ఆగిన తరువాత బిడ్డ తేరుకోకపోయినా 108కు ఫోన్ చేయండి. మొదటిసారి వచ్చిన ఫిట్స్ ఎంత చిన్నదైనా ఆసుపత్రిలో చూపించాలి, ఎందుకంటే మెదడువాపు కాదని తేల్చవలసినది డాక్టరే. ఇంట్లో రెండో మనిషి ఉంటే ఫోన్‌తో వీడియో తీయమనండి. డాక్టరుకు అది మాటల కంటే ఎక్కువ చెబుతుంది.

జ్వరం మందు ఎంత వేయాలి?

పారాసిటమాల్ మోతాదు వయసును బట్టి కాక బరువును బట్టి ఉంటుంది: ఒక్కసారికి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, కనీసం నాలుగు గంటల ఎడం, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. పొరపాటు జరిగేది ఇక్కడ కాదు, సీసా మారినప్పుడు. చుక్కల మందులో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది, సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 లేదా 250. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు కావాలంటే చుక్కల మందు ఒకటిన్నర మిల్లీలీటరు, 250 సిరప్ 3 మిల్లీలీటర్లు, 125 సిరప్ 6 మిల్లీలీటర్లు. 250 సిరప్ కొలత గుర్తుపెట్టుకుని చుక్కల మందు పోస్తే మోతాదు రెట్టింపు అవుతుంది, 125 సిరప్ కొలతకైతే నాలుగింతలు. అందుకే సీసా మీద అంకె చదవండి, వంటింటి చెంచా కాకుండా మందుతో ఇచ్చిన గొట్టంతో కొలవండి. మూడు నెలలలోపు బిడ్డకు డాక్టరు చెప్పకుండా వేయవద్దు. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు. ఐసు నీళ్లతో తుడవడం కూడా వద్దు, వణుకు పుట్టి వేడి ఇంకా పెరుగుతుంది.

వేడి పాలు, సాంబారు మీద పడి కాలితే?

నల్లా కింద పెట్టండి, ఇరవై నిమిషాలు. కాలిన గాయానికి ఇంతకంటే మంచి మందు మన ఇంట్లో లేదు, కాలిన మూడు గంటలలోపు ఎప్పుడు చేసినా మేలు చేస్తుంది. ఆ సమయానికి నల్లా రాకపోతే డ్రమ్ములోని నీళ్లు చెంబుతో ధారగా పోస్తూ ఉండండి. చర్మం పైన కాలడం ఆగినా లోపలి పొరల్లో వేడి ఇంకా కొనసాగుతుంటుంది. ఆ వేడిని బయటికి లాగేది పారే నీళ్లే. తడిసిన బట్టలు, డైపరు, మురుగులు, మొలతాడు తీసేయండి, చర్మానికి అంటుకున్న గుడ్డను మాత్రం లాగకండి. చంటిబిడ్డ అయితే కాలిన భాగం మీద మాత్రమే నీళ్లు పోస్తూ మిగతా ఒళ్లు పొడి బట్టలో కప్పాలి, లేకపోతే ఒళ్లు చల్లబడిపోతుంది.

తరువాత శుభ్రమైన పలచని గుడ్డ వదులుగా కప్పి తీసుకురండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, కాఫీ పొడి, కోడిగుడ్డు సొన, నెయ్యి, ఐసు ముక్క ఏదీ వద్దు. ఒక సాయంత్రం మా దగ్గరకు రెండేళ్ల పాప వచ్చింది, చేతి మీద టూత్‌పేస్టు గట్టిపడి తెల్లగా అట్ట కట్టింది. గాయం ఎంత లోతో చూడాలంటే ముందు ఆ అట్ట తీయాలి. తడి దూదితో కొంచెం కొంచెంగా మెత్తబరుస్తూ తీయడానికి దాదాపు గంట పట్టింది, అంతసేపూ ఆ పాప తల్లి భుజం కొరుకుతూ ఏడ్చింది. కింద ఉన్న కాలిన గాయం నిజానికి చిన్నదే.

బిడ్డ అరచేయి, వేళ్లు కలిపి వాళ్ల ఒంట్లో సుమారు ఒక శాతం. అంతకు మించి కాలినా, ముఖం, చేతులు, కీళ్లు, మర్మాంగాల మీద కాలినా, కరెంటు వల్ల కాలినా ఆసుపత్రి తప్పదు. బొబ్బలు చిదమకండి. మన ఇళ్లలో ఇలా కాలడానికి ఎక్కువగా కారణమయ్యేది నేల మీద దించిన గిన్నె, స్నానాల గదిలో బకెట్లో పెట్టిన హీటర్ రాడ్డు.

దీపావళికి కంట్లో నిప్పురవ్వ పడితే, సున్నం పడితే?

రెండింటికీ చేసే పని వేరు. టపాసు తగిలి కంటికి గాయమైతే రుద్దకండి, ఏమీ పిండకండి, నొక్కకండి. కాగితం కప్పు అడుగు భాగం కంటిని తాకకుండా పైన ఆనించి, మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి గానీ మీకు దగ్గరున్న కంటి ఆసుపత్రికి గానీ తీసుకువెళ్లండి. తాంబూలం కోసం అమ్మే సున్నం ప్యాకెట్‌ను పిల్లలు నొక్కితే అది పగిలి కంట్లోకి చిమ్ముతుంది. సున్నం కనుపాపను నిమిషాల్లో కాల్చేస్తుంది. అప్పుడు ఆసుపత్రికి బయలుదేరడం తరువాత, ముందు రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం ఇరవై నిమిషాలు నీళ్లు పోయాలి.

తినకూడనిది తినేస్తే వాంతి చేయించవచ్చా?

వద్దు. ఉప్పునీళ్లు తాగించడం, గొంతులో వేలు పెట్టడం మానాలి. కిరోసిన్, ఫినాయిల్, యాసిడ్ వంటివి దిగేటప్పుడు ఒకసారి కాలిస్తే, వాంతిలో పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తాయి; కిరోసిన్ అయితే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. నోరు తుడిచి, ఏం తిన్నదో ఆ సీసా లేదా స్ట్రిప్ వెంట తీసుకుని బయలుదేరండి. దారిలో ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800 116 117కు ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

విషమని మనకు తోచనివి కొన్ని ఉన్నాయి. పూజ గదిలోని కర్పూరం పటికబెల్లంలా కనిపిస్తుంది, కొంచెం తిన్నా పిల్లలకు ఫిట్స్ వస్తాయి. బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు కొందరు పిల్లల్లో ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. తలకు వేసే నల్ల రంగులు గొంతును వాచేలా చేసి ఊపిరి ఆపగలవు. తాతయ్య షుగరు మాత్రల్లో కొన్ని రకాలైతే ఒక్కటి మింగినా రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది, అదీ కొన్ని గంటల తరువాత.

గుండీలాంటి చిన్న బ్యాటరీ మింగితే అది అన్నింటిలోకీ తొందరపడవలసిన విషయం. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చి రంధ్రం చేయగలదు. ఏడాది దాటిన బిడ్డ అయితే, మింగి పన్నెండు గంటలు దాటకపోతే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె, ఆరుసార్లకు మించకుండా ఇవ్వవచ్చు. తేనె కోసం ఆగి ఆలస్యం చేయకండి. ఇక వేరే ఏమీ తినిపించకూడదు.

మంచం మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. నిద్రపోనివ్వవచ్చా?

వెంటనే ఏడ్చి, కాసేపటికి మామూలుగా ఆడుకుంటే బొప్పి మీద గుడ్డలో చుట్టిన చల్లటి కాపడం పెట్టి, ఇరవైనాలుగు గంటలు గమనించండి. నిద్ర వేళయితే నిద్రపోవచ్చు, రెండు గంటలకోసారి లేపి గుర్తుపడుతున్నదా చూడండి. ఒకటి రెండుసార్లకు మించి వాంతులు, మెలకువ రాని మత్తు, ఫిట్స్, చెవి లేదా ముక్కు నుంచి నీళ్లలాంటి ద్రవం, మాడు ఉబ్బడం, చంటిబిడ్డ తల పక్కన మెత్తగా వాపు, వీటిలో ఏది కనిపించినా వెంటనే వెళ్లాలి. బాల్కనీ నుంచో మెట్ల మీద నుంచో పడితే లక్షణాల కోసం ఆగకండి, మెడ కదలకుండా పట్టి 108 పిలవండి. పడిన బిడ్డకు దిష్టి తీయాలనుకుంటే తీయండి, పైన చెప్పినవన్నీ చూసిన తరువాత. చక్రాల వాకర్ ఇంట్లో ఉంటే దానిని ఇంట్లోంచి పంపించేయమని నా విన్నపం.

రక్తం ఆగకపోతే?

శుభ్రమైన గుడ్డ పెట్టి, అరచేత్తో గట్టిగా, పది నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా నొక్కండి. పసుపు, కాఫీ పొడి వద్దు. సంక్రాంతి రోజుల్లో నిషేధం ఉన్నా దొరుకుతున్న నైలాన్ మాంజా మెడకు చుట్టుకుంటే, దారం లాగకుండా కత్తిరించి, కోసుకున్నచోట నేరుగా నొక్కి పట్టి ఉంచే బయలుదేరాలి. ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చకండి. కూర్చోబెట్టి ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు మూసి పట్టండి.

సంపులో, బకెట్‌లో పడితే? కూలర్ షాక్ కొడితే?

పాకే బిడ్డ మునగడానికి బకెట్లో జానెడు నీళ్లు చాలు. బయటికి తీసిన వెంటనే కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చేయకండి. ఆ నీళ్లు కక్కించడం వల్ల పోయేది సమయం. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊది, ఆ తరువాత ఛాతీ నొక్కండి. తేరుకున్నా సరే, ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉంచి చూడాలి. సంపు మూతకు తాళం ఉండాలి.

వేసవిలో ఇనుప కూలర్లు షాక్ కొట్టడం మన ఊరి పిల్లలకు పెద్ద ప్రమాదం. బిడ్డను ముట్టుకోక ముందు మెయిన్ ఆపండి. అది వీలుకాకపోతే పొడి చెప్పులు వేసుకుని పొడి కర్రతో విడదీయండి. చిన్న మచ్చలా కనిపించినా లోపల ఎంత దెబ్బతిన్నదో పైకి తెలియదు, చూపించాలి.

కుక్క కరిస్తే, పాము కాటేస్తే?

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. కుక్క గీరినా, కరిచినా ముందు సబ్బు పెట్టి పారే నీళ్లలో పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు పెట్టకండి, కట్టు కట్టకండి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో రేబిస్ టీకా వేస్తారు. కండరానికి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు మోతాదులు. రక్తం వచ్చిన గాయమైతే చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల ఇంజెక్షన్) కూడా వేయించాలి; టీకా వేశారు కదా అని దీనిని అడగకుండా వచ్చేయకండి. కుక్కను పది రోజులు గమనించమనే మాట నిజమే, కానీ ఆ పది రోజులూ టీకా ఆపకూడదు. రేబిస్ లక్షణాలు మొదలైతే ఇక మందు లేదు.

పాము కాటేస్తే బిడ్డను నడవనివ్వకండి. పట్టీలు, మురుగులు తీసేసి, కాటు వేసిన కాలో చెయ్యో కదలకుండా చెక్కబద్ద కట్టి, ఎత్తుకుని గాంధీ, ఉస్మానియా వంటి పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లండి. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కట్లపాము కాటుకు నొప్పీ వాపూ లేకపోవచ్చు. నేల మీద పడుకున్న బిడ్డ తెల్లవారుజామున కడుపునొప్పి అని, రెప్పలు వాలిపోతూ లేస్తే దానిని అనుమానించాలి. తేలు కుట్టిన తరువాత చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే అది గుండె మీద ప్రభావం చూపుతున్నదని అర్థం, ఆలస్యం చేయకండి.

విరేచనాలకు ఓఆర్‌ఎస్ ఎలా ఇవ్వాలి?

పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి. కొంచెం కొంచెం పొడి గ్లాసులో వేసి కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. రెండేళ్లలోపు వారికి ప్రతి విరేచనం తరువాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకంటే పెద్ద పిల్లలకు 100 నుంచి 200, చెంచాతో నెమ్మదిగా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపకండి. మందుల షాపుల్లో పండ్లరసం డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మేవారు. వాటిలో ఉన్న ఎక్కువ చక్కెర విరేచనాలను పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ మాటను అలాంటి పానీయాల మీద వాడరాదని ఆదేశించింది. కన్నీళ్లు రాకపోవడం, ఆరు గంటలు మూత్రం పోయకపోవడం, కళ్లు లోతుకు పోవడం, మాడు గుంటపడటం కనిపిస్తే ఇంట్లో ప్రయత్నాలు ఆపి రావాలి.

ముక్కులో చింతగింజ, చెవిలో పూస పెట్టుకుంటే?

పిన్నీసు, పుల్ల పెట్టి తీయబోకండి. చెవిలో ఉన్నది గింజ అయితే నీళ్లు కూడా పోయకండి, ఉబ్బుతుంది. ముక్కు, చెవి డాక్టరు తేలికగా తీస్తారు.

ఆసుపత్రిలో పోలీసు కేసు అంటారేమో అని భయంగా ఉంది.

విషం, కాలిన గాయాలు, వాహన ప్రమాదం అయితే ఆసుపత్రి పోలీసులకు తెలియజేయడం మామూలే, అది మీ మీద నింద కాదు. ముందు వైద్యం, తరువాతే మిగతావి అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో స్పష్టంగా చెప్పింది. రోడ్డు మీద గాయపడిన పరాయి బిడ్డను తెచ్చినవారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతపెట్టడానికి లేదు. డాక్టరు అడిగినప్పుడు జరిగింది జరిగినట్లు చెప్పండి. ఎన్ని గంటలకు, ఎంత తిన్నదో దాచిపెడితే మందు తప్పుతుంది.

చదివితే చాలా, నేర్చుకోవాలా?

చేత్తో చేసి నేర్చుకోవాలి. ఇండియన్ రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ శిక్షణ ఇస్తాయి. మీ అపార్ట్‌మెంట్ సంఘం పదిమందిని పోగుచేసి పిలిస్తే నాలాంటివాళ్లు బొమ్మ పట్టుకుని వస్తారు. పగలు బిడ్డను చూసుకునేది ఎవరో వారిని తప్పక తీసుకురండి. తల్లిదండ్రులు వచ్చి, ఆయమ్మను ఇంట్లో వదిలి రావడం నేను ఎక్కువగా చూసే పొరపాటు. కిందటి నెల కూకట్‌పల్లిలో ఒక నాయనమ్మ గారు, ఇంచుమించు డెబ్బై ఏళ్లుంటాయి, నేల మీద కూర్చోలేనని బల్ల మీద బొమ్మను పెట్టించుకుని, బొటనవేళ్లు సరిగా పడేవరకు నాలుగుసార్లు మళ్లీ మళ్లీ చేశారు. అయిపోయాక కాగితం అడిగి 108, 1800 116 117, తన కొడుకు నంబరు, ఇంటి దగ్గరి పిల్లర్ నంబరు పెద్ద అక్షరాలతో రాయించుకుని, ఫ్రిజ్ తలుపుకు అంటించాలని చీర కొంగున ముడివేసుకున్నారు.